జబల్ షమ్స్ శిఖరం, సలీం ఇంట్లో ఉన్న మా వస్తువు

నా భార్య కరుణ చివరి రోజు మామూలుగానే గడిచింది. ఉదయం డ్యూటీకి వెళ్లింది. మధ్యాహ్నం ఒమాన్‌లోని సమాయిల్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి వంకాయ కూర వండింది. సాయంత్రం, దుక్మ్‌లో ఉన్న నాకు ఫోన్ చేసి గ్యాస్ సిలిండర్ అయిపోవచ్చిందని చెప్పింది. చీకటి పడ్డాక తల పగిలిపోతోందని పక్క ఫ్లాట్ తలుపు కొట్టి, ఆ గుమ్మంలోనే పడిపోయింది. తాను స్టాఫ్ నర్సుగా పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లారు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. నేను కంపెనీ పికప్‌లో చేరేసరికి అంతా అయిపోయింది.

మూడో రోజు మా ఫ్లాట్‌లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చదివి కూర్చున్నాక, ఎవరూ ఎరగని ఒక ఒమానీ మనిషి లోపలికి వచ్చాడు. పాదాల దాకా తెల్లటి అంగీ, దిష్‌దాషా, తలకు అల్లిక టోపీ, చేతిలో ఖర్జూరాల సంచి. మగవాళ్ల వైపు కూర్చున్నాడు. ఇచ్చిన టీ తాగాడు. కరుణ పేరు ఎత్తలేదు, ఎలా జరిగిందని అడగలేదు. లేచి వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని హిందీలో అన్నాడు: "నీ వస్తువు ఒకటి మా ఇంట్లో ఉంది. జబల్ షమ్స్. నా పేరు సలీం. వచ్చి తీసుకో." ఏ వస్తువని అడిగాను. "రా" అన్నాడు. అంతే. వెళ్లిపోయాడు.

కరుణతో కలిసి పనిచేసిన కాకినాడ సిస్టర్ రోజ్లిన్‌ని అడిగాను. "నాకు తెలిసింది ఇంతేనండి అన్నయ్య గారూ. సెలవు దొరికిన శనివారం తెల్ల లాండ్‌క్రూజర్ వచ్చేదండి. ఎక్కి వెళ్లేది. ఎక్కడికే అంటే జబల్ షమ్స్‌కి అనేది. ఎందుకే అంటే నవ్వేదండి." నాతో కరుణ ఏనాడూ ఈ మాట అనలేదు. నేను దుక్మ్‌లో పోర్టు పనుల సైట్‌లో కొలతలు, బిల్లులు చూసే ఇంజనీర్ని. నెలకొకసారి సమాయిల్ వచ్చేవాణ్ణి. మిగతా శనివారాలు ఆమె ఏం చేసేదో నాకు తెలుసనుకున్నాను.

ఎనిమిది నెలలు వెళ్లలేదు. వెళ్తే ఏం వినాల్సి వస్తుందోనని. ఈ నెలాఖరుకు సమాయిల్ ఫ్లాట్ ఖాళీ చేయాలి, ఆ తరువాత ఇటు వచ్చే పని ఉండదు. అందుకని సలీం నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాను. ఇంటికి వస్తానని కాదు, శిఖరం ఎక్కించమని. సైట్‌లో కొత్త ఫోర్‌మన్ని తీసుకునే ముందు మేము అతనితో సైట్ అంతా ఒకసారి నడుస్తాం. ఎండలో కొన్ని గంటలు నడిస్తే మనిషి ఏమిటో తెలుస్తుంది. సలీంని కూడా అలాగే చూడాలనుకున్నాను. కరుణ ఆ శిఖరం ఎక్కి ఉంటే, ఎక్కడ కూర్చుందో, ఎవరితో కూర్చుందో కూడా తెలుస్తుందనుకున్నాను.

జబల్ షమ్స్ ఒమాన్‌లోకెల్లా ఎత్తైన పర్వతం, దాదాపు మూడు వేల మీటర్లు. ఎక్కడానికి డిసెంబరు, జనవరి మంచి నెలలు. నేను జనవరిలో ఒక శనివారం, తెల్లవారుజామున సమాయిల్‌లో బయలుదేరాను. నిజ్వా దాకా హైవే. అక్కడి నుంచి బహ్లా వైపు వెళ్లి, అల్ హమ్రా దారి పట్టాలి. అల్ హమ్రా చేరడానికి గంటన్నర లోపే పట్టింది. పైకి వెళ్లే ఘాట్‌లో కొంత దూరం కంకర రోడ్డు ఉంది. చిన్న కార్లు వెళ్లవని కాదు, టైర్లు పాడవుతాయి. నా కారు అల్ హమ్రా పెట్రోల్ బంకు దగ్గర వదిలేశాను. సలీం అక్కడే ఉన్నాడు. తెల్ల లాండ్‌క్రూజర్. బండి నంబరు ఫొటో తీసి దుక్మ్‌లోని మా రూమ్‌మేట్ ఖాజాకు పంపాను. ఖాజాది కడప. చీకటి పడేలోగా నా నుంచి ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పమని ముందురోజే చెప్పి ఉంచాను. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏందన్నా, కొండ మీంచి తోసేస్తాడనుకుంటాండావా?"

"ఏమో."

"తోసేటోడు అయిదు గంటలు నడిపిచ్చి తోస్తాడా అన్నా? పెట్రోల్ బంకు కాడే ఏదోటి చేసుండునే. పోయిరా పో."

సలీంకి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. బండి ఎక్కే ముందే డబ్బెంతని అడిగాను. ఇక్కడ శిఖరానికి తీసుకెళ్లే గైడ్లు మనిషికి ముప్పై నుంచి యాభై రియాళ్లు తీసుకుంటారని విన్నాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. "ముందు నడక. తరువాత ఇంట్లో కాఫీ. తరువాత మాటలు." ధర చెప్పనివాడు తరువాత ఎక్కువ అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టర్లతో పనిచేస్తున్నాను కాబట్టి ఆ మాట నాకు బాగా తెలుసు. జేబులో డబ్బు రెండుగా విడదీసి పెట్టుకున్నాను.

వాది గుల్ పాత ఊరు దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి వెళ్తుంది. ఎండు నేల, బూడిద రంగు రాయి, అక్కడక్కడ మేకలు. పైన పీఠభూమి మీద దిగేసరికి చలి ముఖానికి కొట్టింది. స్వెటర్ మీద కోటు వేసుకుని కూడా వణికాను. దారి మొదట్లో ఒక కుగ్రామం ఉంది, నాలుగైదు ఇళ్లు. చివరి ఇల్లు చూపించి "అది మా ఇల్లు" అన్నాడు సలీం. రేకుల పందిరి కింద ఏదో పొడుగ్గా నేలమీద పరిచి, పైన టార్పాలిన్ కప్పి ఉంది. నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. ఏమిటది అన్నాను. "తరువాత" అన్నాడు. నేను ఆ టార్పాలిన్ని వెనక్కి తిరిగి చాలాసార్లు చూశాను. మనిషంత పొడుగుంది.

ఏడింటికి నడక మొదలుపెట్టాం. దారి తప్పిపోయే భయం లేదు. రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలు రంగు వేసి ఉంటాయి. ఒకవైపు చాలా దూరం లోయ అంచునే నడుస్తాం. రాయి నిట్టనిలువుగా తెగిపోయి కింద ఎక్కడో నీలంగా కనిపిస్తుంది. గార్డు రెయిలింగ్ లేదు. సలీంని ముందు నడవమన్నాను. అతను అంచు వైపు నడుస్తూ నన్ను లోపలి వైపు రమ్మని చెయ్యి చూపించాడు. అది మర్యాదో, నా దృష్టి మళ్లించడమో తేల్చుకోలేకపోయాను.

ఒక గంట నడిచాక మేకల కాపరి ఒకాయన ఎదురయ్యాడు. ఇద్దరూ చేతులు కలుపుకుని నిలబడ్డారు. పలకరింపుల వరకు నాకు అరబ్బీ తెలుసు. కబుర్లేమిటి అని ఇతను, ఏమీ లేవు అంతా క్షేమం అని అతను. మళ్లీ అటునుంచి అదే ప్రశ్న, ఇటునుంచి అదే జవాబు. అలా మూడు నాలుగు సార్లు అయింది. ఆ తరువాత కాపరి మెల్లగా ఇంకేదో చెప్పాడు, సలీం అయ్యో అన్నట్టు తల ఊపాడు. ఏం చెప్పాడని అడిగాను.

"వాళ్ల అన్న నిజ్వా ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు తీసేశారు."

"మరి అంతా క్షేమం అన్నాడుగా?"

"ముందు క్షేమం చెప్పాలి. ఎదుటపడగానే మీద పడేస్తామా, సదీక్? అది మర్యాద కాదు." సదీక్ అంటే మిత్రుడు.

అయితే ఈ మనిషి కూడా చెడ్డ కబురు ఏదో దాచుకుని తీరిగ్గా చెబుదామని చూస్తున్నాడన్నమాట. నాకు అలాగే తోచింది.

ఎత్తు పెరిగేకొద్దీ జునిపర్ చెట్లు మొదలయ్యాయి. మెలి తిరిగిన మొదళ్లు, ముదురాకుపచ్చ. గాలి పలచబడిందో, నా వయసో, పాతిక అడుగులకొకసారి ఆగాల్సి వచ్చింది. ఒక చెట్టు నీడలో కూర్చుని రోజ్లిన్ కట్టి ఇచ్చిన పులిహోర విప్పాను. సలీంకి పెట్టాను. తిని, "కారం తక్కువ" అన్నాడు. భారతీయుల వంటలో ఎంత కారం ఉంటుందో ఇతనికెలా తెలుసు? అప్పుడు మొదలుపెట్టాను.

"ఇక్కడిదాకా మా దేశం ఆడవాళ్లు వస్తుంటారా?"

"అందరూ వస్తారు. జర్మనీ, మలబారీ, అందరూ."

"నర్సులు?"

అతను లోయ వైపు చూశాడు. "నీళ్లు తాగు. ఇంకా చాలా ఉంది."

నేను తాగలేదు. "సమాయిల్ ఆసుపత్రిలో నర్సు. నా భార్య. నీ బండి ఎక్కేదా, లేదా?"

సలీం లేచి నిలబడ్డాడు. కోపం కాదు. నేను ఏదో అనకూడని మాట అన్నట్టు చెవులు ఎర్రబడ్డాయి. "ఇంజనీర్, ఆ మాట నేను మాట్లాడను. కింద మా అమ్మ ఉంది. అమ్మని అడుగు." తరువాత చాలాసేపు అతను నా వైపు చూడలేదు. తప్పు చేసిన మనిషి ఇలాగే ఉంటాడు. తప్పు చేయని మనిషైతే లేదనో ఉందనో ఒక్క మాట చెప్పి వదిలేస్తాడు కదా.

పదకొండున్నరకు ఒక మిట్ట ఎక్కి, ఇదేనా శిఖరం అన్నాను. కాదన్నాడు. గాలి ఎక్కువైంది, తిరిగి వెళ్దామా అని కూడా అడిగాడు. ఎందుకు వెనక్కి తిప్పాలని చూస్తున్నాడు? పైనుంచి దిగుతున్న మలయాళీ కుర్రాళ్ల గుంపుని ఆపి అడిగాను. ఇంకో గంట, గాలి ఉంది గానీ ప్రమాదం లేదన్నారు. వాళ్ల మాట మీద నడిచాను. సలీం తన మఫ్లర్ తీసి నాకిచ్చాడు. వద్దన్నాను. పది నిమిషాల తరువాత చెవులు నొప్పి పుట్టి నేనే అడిగి తీసుకున్నాను.

పన్నెండున్నరకు దక్షిణ శిఖరం చేరాం. రాళ్లు పేర్చిన గుట్ట ఒకటి, చుట్టూ ఖాళీ. ఉత్తరాన ఇంకొంచెం ఎత్తుగా ఇంకో శిఖరం, దాని మీద తెల్లటి గుమ్మటాలు. అసలు శిఖరం అదే కదా, ఇక్కడికెందుకు తెచ్చావన్నాను. "అది మిలిటరీది. అక్కడికి వెళ్తే వాళ్లు మంచి టీ ఇస్తారు. పాస్‌పోర్టు మాత్రం తిరిగి ఇవ్వరు" అన్నాడు. ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. పైనుంచి చూస్తే కొండల వరుసలు ఒకదాని వెనుక ఒకటి పలచబడుతూ పోతాయి. మబ్బు మన కాళ్ల కింద ఉంటుంది. ఇంత కష్టపడి ఎక్కేది ఈ నిశ్శబ్దం కోసమేనేమో. నేను మాత్రం అది చూడలేదు. రాళ్ల గుట్ట చుట్టూ తిరిగి రాసిన పేర్లు చదివాను. కరుణ పేరు ఎక్కడైనా ఉందేమోనని. లేదు.

"చూశావుగా," అన్నాడు సలీం. "ఇక్కడ నీది ఏమీ లేదు. ఇంటికి పద."

"మరి ఇక్కడిదాకా ఎందుకు తెచ్చావు?"

"నువ్వు శిఖరం అన్నావు. అతిథి అడిగాడు, ఎక్కించాను. నేను మొదటి రోజు నుంచీ ఇల్లే అంటున్నాను."

దిగడానికి నాలుగు గంటలు పట్టింది. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. రాళ్లు కదులుతాయి, కర్ర ఉంటే మంచిది. అయిదు కావస్తుండగా సలీం ఇంటికి చేరాం. ఖాజాకు బతికే ఉన్నానని మెసేజ్ పెట్టాను. ముందు గదిలో చాపల మీద కూర్చోబెట్టారు. ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లాంటి కప్పుల్లో ఏలకుల కాఫీ. తాగుతుంటే పోస్తూనే ఉన్నాడు. ఇక చాలంటే కప్పుని కొద్దిగా ఊపి ఇవ్వాలని నాకు తెలుసు, ఊపాను. అప్పుడు సలీం లేచి లోపలి తలుపు దగ్గరకెళ్లి పిలిచాడు. వాళ్లమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, రంగురంగుల ముసుగు. వెనుక సలీం భార్య జహ్రా. అల్ హమ్రా బడిలో ఇంగ్లీషు టీచరు. సలీం నా పక్కన కూర్చోకుండా గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాడు.

"మా ఆయన మీతో ఏమీ చెప్పి ఉండరు," అంది జహ్రా. "పరాయి మగవాడి ఇంటావిడ గురించి ఆ మగవాడి ఎదుటే మాట్లాడటం మా దగ్గర చాలా తప్పు. పేరు కూడా ఎత్తకూడదు. మీ ఇంటికి వచ్చిన రోజు మరీ ఇబ్బంది పడ్డారట. పదిమంది మగవాళ్లు ఉన్నారని. అందుకే మిమ్మల్ని ఇక్కడికి రమ్మన్నారు."

తరువాత జరిగింది చెప్పింది. ఆసుపత్రి వాళ్లు పిక్నిక్‌కి ఈ కొండ మీదికి వచ్చినప్పుడు, అందరూ లోయ ఫొటోలు తీసుకుంటుంటే కరుణ ఈ పందిరి దగ్గరికి వచ్చిందట. అత్తగారు నేలమగ్గం మీద మేక ఉన్నితో తివాచీ నేస్తున్నారు. పడుగులో ఒక పోగు తెగింది. కరుణ అడక్కుండా వంగి ముడి వేసింది. కరుణ వాళ్ల నాయనమ్మ చీరాల దగ్గర మగ్గం నేసేదని నాకు తెలుసు. ఆ ముడి కరుణకు వచ్చని నాకు తెలియదు. జహ్రా పుట్టిల్లు సమాయిల్. గురువారం సాయంత్రం అక్కడ దిగబెట్టి, శనివారం సలీం తీసుకొస్తాడు. అలా వచ్చేటప్పుడు కరుణని కూడా ఎక్కించుకునేవాళ్లు, సాయంత్రం ఇద్దరూ వెళ్లి మళ్లీ దిగబెట్టేవాళ్లు. ఇద్దరాడవాళ్లూ వెనుక సీట్లో. రోజ్లిన్‌కి కనిపించింది బండి మాత్రమే. పులిహోర కూడా వీళ్లు తినే ఉన్నారు.

నేను వెంటనే నమ్మలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. జహ్రా అత్తగారికి అరబ్బీలో చెప్పింది. ముసలావిడ పళ్లు లేని నోటితో నవ్వి ఏదో అంది. జహ్రా కాస్త మొహమాటపడింది. "మీ ఆవిడ అనేదట. మా ఆయనకి చెబితే టేపు పట్టుకుని వస్తాడు, రోజుకెంత పని అయిందో లెక్క కడతాడు. ఇది అయ్యేదాకా ఆయనకి చూపించను అని."

పందిరి కిందికి తీసుకెళ్లి టార్పాలిన్ తీశారు. ముదురు గోధుమ రంగు మీద ఎర్రటి చారలు. పొడుగు ఆరడుగులు దాటింది, ఇంకో మూరెడు పడుగు ఖాళీగా ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని మొదటి చివర నుంచి చూశాను. మొదటి జానెడు వంకర. అంచు లోపలికి బయటికి పోయింది, చార ఒకచోట దాదాపు వేలెడు పక్కకు జరిగింది. తరువాత మెల్లగా సరిపడుతూ వచ్చింది. సగానికి వచ్చేసరికి అంచు నిటారుగా ఉంది. అప్పుడు నాకు అనుమానం తీరింది. నన్ను నమ్మించడానికి ఎవరైనా చేసి ఉంటే ఆ వంకర జానెడు ముందే విప్పేసి ఉండేవాళ్లు. ఎవరూ చూడరనుకున్న పనిలోనే అలాంటిది అలాగే ఉండిపోతుంది.

"ఇది అమానత్," అంది ముసలావిడ. నమ్మి అప్పగించిన సొత్తు అని. హిందీలోనూ ఉన్న ఆ మాటకు జహ్రా అనువాదం అక్కర్లేకపోయింది. పోయినవాళ్ల వస్తువు వారసుడిది. అతని మాట లేకుండా కోయకూడదు, నేయకూడదు, అమ్మకూడదు. అందుకే ఎనిమిది నెలలు తన మగ్గం ఖాళీ లేకుండా అలా కప్పి ఉంచింది. ఈ చలికాలం ఆమె వేరే పని ఏమీ వేయలేదట. ఇప్పుడు నేను చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు కోసి ఇవ్వమంటారా, అత్తగారు పూర్తిచేసి ఇవ్వమంటారా అని జహ్రా అడిగింది. నేను ఆ ఖాళీ పడుగు మీద చెయ్యి వేసి చూశాను. ముసలావిడ నా చేతులు తిప్పి చూసి జహ్రాతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

"ఏమంటున్నారు?"

"చేతులు ఉన్నాయి కదా, నువ్వే నెయ్యి అంటోంది. ఈ కొండ మీద పూర్వం నేసింది మగవాళ్లేనట, సిగ్గుపడక్కర్లేదు. వంకరగానే వస్తుందట. ఈ చివర మీ ఆవిడ వంకర, ఆ చివర మీ వంకర ఉంటుందట. ఇంకెవరు నేసినా తెలిసిపోతుందట."

గుమ్మం దగ్గర నిలబడ్డ సలీం కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆలోచించుకుని రేపు చెబుతానన్నాను. డబ్బు సంగతి మళ్లీ ఎత్తితే అతను కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను క్షమించమనలేదు. మఫ్లర్ తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాను. అతనికి అర్థమైందనుకుంటాను.

ఇదంతా దగ్గర్లోని క్యాంపులో కూర్చుని రాస్తున్నాను. గుడారం, దుప్పట్లు, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ కలిపి పాతిక రియాళ్లు. ఈ రోజు నేను శిఖరం ఎక్కాను, కానీ చూడలేదు. అయిదు గంటలు ఒక మనిషి వీపు చూస్తూ నడిచాను. అతను మౌనంగా ఉన్న ప్రతిసారీ నేనొక కథ అల్లాను. అతని మౌనం నా భార్యకు ఇచ్చిన గౌరవమని నాకు తట్టలేదు. కరుణ ఎందుకు దాచిందో తెలిసింది. అది నన్ను బాధపెట్టే సంగతి కాదు. ఆమెకు నాకు చూపించాలనే ఉంది, పూర్తయ్యాక. మిగతా శనివారాలు ఆమె సంతోషంగా గడిపింది. ఎనిమిది నెలల్లో నేను విన్న మంచి కబురు ఇదొక్కటే, అది కాఫీ తాగాక తెలిసింది.

వెళ్లాలనుకునే వారికి ఒక్క సలహా. నాలాగా సమాయిల్ నుంచో మస్కట్ నుంచో అదే రోజు బయలుదేరి ఎక్కకండి. ముందు రోజు సాయంత్రానికే కొండ మీదికి చేరి పడుకోండి. దారిలో ఎక్కడా నీళ్లు దొరకవు కాబట్టి మనిషికి నాలుగు లీటర్లు అక్కడే నింపుకుని, వెలుగు రాగానే నడక మొదలుపెడితే చీకటి పడకముందే దిగొచ్చు.

రెండు రోజులు సెలవు పొడిగించమని కంపెనీకి మెసేజ్ పెట్టాను. రేపు ఉదయం ఎండ పందిరి కిందికి రాగానే వెళ్లి, సలీం వాళ్లమ్మ పక్కన కూర్చుని, మొదటి పేక పోగు వేస్తాను.